కొత్త మద్యం పాలసీలో వైన్‌షాపుకు దరఖాస్తు వేయొచ్చా? లెక్కతో సహా చెప్తా

పత్తికొండ తమ్ముడు అడిగింది ఇదీ: ఇప్పుడున్న ప్రైవేటు మద్యం షాపుల లైసెన్సులు 2026 సెప్టెంబరు 30తో ముగుస్తాయి. అయిదుగురు స్నేహితులు తలా ₹2 లక్షలు వేసుకొని తర్వాతి విడతకు దరఖాస్తు పెట్టాలనుకుంటున్నారు. వేలంపాటల రోజుల్లో వాళ్ల మామ బాగా సంపాదించాడట. సంస్కరణల పేరుతో అసలు ఏం మారింది, ఇప్పుడు దిగితే గిట్టుబాటు అవుతుందా, లాటరీ తగలకపోతే తగిలినవాడి దగ్గర లీజుకు తీసుకోవచ్చా అని ప్రశ్న.

నేను ఎక్సైజ్‌లో ఎస్సైగా చేరి ఆదోని, గుంతకల్లు, కర్నూలు, అనంతపురం తిరిగి ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. ఏ ప్రభుత్వం మంచిది, ఏది చెడ్డది అనే జోలికి పోను. లెక్క, చట్టం వరకు చెప్తా.

ముందు జవాబు. ఆ ₹2 లక్షలు పోయినా ఇంట్లో పొయ్యి ఆగదు అనుకుంటే దరఖాస్తు వేయండి. వడ్డీకి తెచ్చి వేసేటట్టయితే వద్దు. లీజు మాట మాత్రం మర్చిపోండి, కారణం కింద చెప్తా. నిజానికి మీకు ప్రమాదం లాటరీ తగలకపోవడంలో లేదు. తగిలాకే మొదలవుతుంది.

మీ మామ కాలం సంగతి. సారా వేలాలు నడిచిన రోజుల్లో ఒక్కో తాలూకాకు ఒక్కో కాంట్రాక్టరు రాజులా ఉండేవాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ వంటి ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ వేడి మన జిల్లాలకూ పాకింది, వేలంపాటలు జరగనీయని చోట్లు చాలా ఉన్నాయి. మన కర్నూలు మనిషి కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో చంద్రబాబు సడలించారు. ఇవన్నీ పాత కథలే అయినా ఒకటి గుర్తుపెట్టుకోండి: ఆ 1995 నిషేధ చట్టమూ, 1968 ఎక్సైజ్ చట్టమూ రెండూ ఇప్పటికీ పుస్తకంలో ఉన్నాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా మారేది వాటి కింద రాసుకునే నియమాలు, జీవోలు. అందుకే మన దగ్గర పాలసీ మారాలంటే అసెంబ్లీ దాకా పోవాల్సిన పని చాలాసార్లు ఉండదు.

2012కు ముందు షాపులకూ వేలమే నడిచింది. పాట ఎంత పెరిగితే ఖజానాకు అంత లాభం. పాడినవాడికి ఆ డబ్బు తిరిగి రావాలి కాబట్టి నియోజకవర్గం మొత్తం షాపులు నలుగురైదుగురు కూడబలుక్కొని పట్టుకునేవాళ్లు, ఎమ్మార్పీ మీద పదీ ఇరవై కలిపి అమ్మేవాళ్లు. సిండికేట్ అన్నది అదే. మీ మామ సంపాదించింది ఆ రోజుల్లో. 2012లో వేలం తీసేసి జనాభా లెక్కన ఫీజు కట్టించుకొని లాటరీ తీయడం మొదలుపెట్టారు. ఏ4 షాపు అని మీరు వినే మాట ఆ లైసెన్సు ఫారం పేరే. వేలంలో అయితే పోటీ ఫీజు మీద, లాటరీలో అయితే పోటీ చీటీ మీద. సిండికేట్లు ఆ మార్పుతో పోలేదు. వందల దరఖాస్తులు వేరే వేరే పేర్లతో వేయించడం నేర్చుకున్నాయి, అంతే.

2019 అక్టోబరు 1న ప్రభుత్వమే షాపులు తీసుకుంది. 4,380 షాపులను 3,500కు, తర్వాతి ఏడాది 2,934కు తగ్గించారు. 2020 మే నెలలో లాక్‌డౌన్ తర్వాత తలుపులు తెరిచిన మొదటి రోజు 25 శాతం, మర్నాడు ఇంకో 50 శాతం ధర పెంచారు. తాగేవాడు మానేస్తాడని లెక్క. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పనిచేసినవాళ్లను అడగండి ఏమైందో. అటు తుంగభద్ర దాటితే తెలంగాణ, ఇటు హాలహర్వి, డి.హీరేహాళ్, రాయదుర్గం దాటితే కర్ణాటక. పంచలింగాల చెక్‌పోస్టులో రాత్రి డ్యూటీ అంటే సీట్ల కింద, డోర్ ప్యానెళ్లలో, కూరగాయల ట్రేల అడుగున సీసాలు తీయడమే పని. కర్ణాటక వైపు నుంచి 90 ఎం.ఎల్. టెట్రా ప్యాకెట్లు. సీసా కాదు కాబట్టి పగలదు, చప్పుడు కాదు, నడుముకు గుడ్డలో చుట్టుకొని బస్సెక్కినా ఎవరూ పసిగట్టలేరు. అది కూడా కొనలేనివాళ్లు నాటుసారాకు పోయారు. ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి జనం చచ్చిపోయింది 2020లోనే. షాపులు తగ్గించడం తప్పని నేననను. సరిహద్దు జిల్లాలో పక్క రాష్ట్రం ధర చూడకుండా మన ధర నిర్ణయిస్తే మాత్రం ఆ ఖాళీని ఎవడో ఒకడు నింపుతాడు.

ఇక మీకు కావాల్సింది, 2024 పాలసీ. 3,396 షాపులు ప్రైవేటుకు నోటిఫై చేశారు. తిరిగి ఇవ్వని దరఖాస్తు ఫీజు ₹2 లక్షలు. ఒక్కడు ఎన్ని షాపులకైనా వేసుకోవచ్చు. అక్టోబరు 14న లాటరీ తీశారు, 16 నుంచి షాపులు తెరిచారు. మొత్తం 89,882 దరఖాస్తులు వచ్చాయి. రెండు లక్షలతో గుణిస్తే ₹1,797 కోట్ల పైచిలుకు. ఒక్క సీసా మూత తీయకముందే!

ఈ అంకెను ఇంకొంచెం దగ్గరగా చూడండి. సగటున ఒక్కో షాపుకు 26 దరఖాస్తులు. అంటే ఒక్కో షాపు మీద జనం పోగొట్టుకున్నది, గెలిచినవాడిదీ కలుపుకొని, ₹52 లక్షలకు పైనే. పల్లె షాపుకు ఏడాది లైసెన్సు ఫీజు ₹50 లక్షలు. అంటే ప్రభుత్వానికి ప్రతి షాపు మీదా సగటున ఒక ఏడాది ఫీజు, ఓడిపోయినవాళ్ల జేబుల్లోంచే వచ్చేసింది. తెలంగాణలో 2025లో అదే దరఖాస్తుకు ₹3 లక్షలు పెట్టారు, అయినా జనం ఎగబడ్డారు. ఆ ధర చూసిన మన ఖజానావాళ్లు రెండు లక్షల దగ్గరే ఆగుతారని నేను అనుకోను. మీ బడ్జెట్లో కాస్త వెసులుబాటు ఉంచుకోండి.

మీ అయిదుగురి అవకాశం సంగతి. అయిదు దరఖాస్తులూ ఒకే షాపుకు వేస్తే, అక్కడ ఇంకో 26 మంది ఉన్నారనుకుంటే, ఆరింట ఒక వంతు కంటే తక్కువ. అయిదు వేర్వేరు షాపులకు వేసినా దాదాపు అంతే వస్తుంది. కాబట్టి ఆరింట అయిదుసార్లు ₹10 లక్షలకూ నీళ్లొదులుకున్నట్టే.

తగిలిందనుకుందాం. లైసెన్సు ఫీజును ఇప్పుడు రిటైల్ ఎక్సైజ్ ట్యాక్స్ అంటున్నారు. జనాభా 10 వేల లోపు ఊళ్లకు ₹50 లక్షలు, 50 వేల లోపు ₹55 లక్షలు, 5 లక్షల లోపు ₹65 లక్షలు, ఆపైన ₹85 లక్షలు. ఏడాదికి ఆరు విడతల్లో కట్టాలి. రెండో ఏడాది 10 శాతం ఎక్కువ. పత్తికొండ 10 వేలు దాటిన ఊరు, ₹55 లక్షల శ్లాబు. అంటే రెండు నెలలకోసారి ₹9 లక్షల పైన. మీ వ్యాపారం నడిచిందా లేదా అన్నది శాఖకు సంబంధం లేదు. విడత తేదీ దాటితే డిపోలో (షాపులకు సరుకిచ్చే ప్రభుత్వ గోడౌను) మీకు సరుకు ఆగుతుంది, సరుకు ఆగితే అమ్మకం ఆగుతుంది, అమ్మకం ఆగితే తర్వాతి విడత ఎక్కణ్ణుంచి తెస్తారు? నేను చూసిన షాపులు చాలా వరకు ఇక్కడే బోల్తా కొట్టాయి.

ఆదాయం వైపు ఒకే ఒక్క అంకె: మార్జిన్, అంటే డిపో ధర మీద షాపువాడికి మిగిలే వాటా. పాలసీ ప్రకటించినప్పుడు డిపో ధర మీద 20 శాతం అన్నారు. షాపులు తెరిచాక చేతికి వస్తున్నది 10 శాతం దగ్గరే ఉందని వ్యాపారులు మొత్తుకున్నారు. 2025 ఫిబ్రవరిలో 14 శాతానికి పెంచారు, ఆ పెంచిన దానికి ₹99 క్వార్టరూ బీరూ తప్ప మిగతా సీసాల మీద ₹10 వేశారు. అంటే ఆ భారం తాగేవాడి మీదే పడింది. 14 శాతంతోనే మీ లెక్క వేస్తా.

ఫీజు ₹55 లక్షలు. అద్దె, నలుగురు మనుషుల జీతాలు, కరెంటు, హమాలీ, డిపో నుంచి బండి కిరాయి, సీసీ కెమెరాలు, సరుకు మీద పెట్టిన డబ్బుకు వడ్డీ, అన్నీ కలిపి నెలకు ₹1.5 లక్షలనుకోండి. తక్కువే చెప్తున్నా. ఏడాదికి ₹18 లక్షలు. మొత్తం ₹73 లక్షలు. దీన్ని 14 శాతం మార్జిన్‌లోంచి రాబట్టాలంటే ఏడాదికి ₹5.21 కోట్ల సరుకు డిపో నుంచి ఎత్తాలి. కౌంటరు మీద రోజుకు ₹1.63 లక్షల అమ్మకం. సగటున సీసా ₹150 అనుకుంటే రోజుకు వెయ్యీ ఎనభై సీసాలు. షాపు పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది, అంటే పన్నెండు గంటల పాటు నలభై సెకండ్లకో సీసా కౌంటరు దాటాలి. ఇది లాభానికి కాదు, మీ అయిదుగురికీ పైసా మిగలకుండా సున్నాకు సున్నా సరిపోవడానికి!

మీ కౌంటరు మీద ఎక్కువగా పోయేది ₹99 క్వార్టరే అయితే ఇంకా కష్టం. అదే శాతం పడితే సీసాకు మిగిలేది దాదాపు పన్నెండు రూపాయలు. రోజుకు పదహారు వందల పైన అమ్మాలి. మార్జిన్ పాత 10.5 శాతమే అయి ఉంటే ₹6.95 కోట్ల సరుకు ఎత్తాల్సి వచ్చేది. మూడున్నర శాతం తేడా ఏడాదికి కోటీ డెబ్బై నాలుగు లక్షల సరుకంత పని పెట్టింది చూశారా? అందుకే కొత్త నోటిఫికేషన్ రాగానే మీరు మొదట చూడాల్సింది దరఖాస్తు ఫీజు కాదు, మార్జిన్ ఎంత, అది ఏ ధర మీద, దాంట్లోంచి ఏ సెస్సులు పోతాయి అన్నది.

పైగా మన ప్రాంతం అమ్మకం ఏడాదంతా ఒక్కలా ఉండదు. పత్తికొండ మార్కెట్లో టమోటా ధర పలికిన నెల వేరు, రైతు పెట్టెలకు పెట్టెలు రోడ్డు మీద పారబోసిన నెల వేరు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కోతల కూలికి వలస, పోతాయి. గుంటూరు మిరప కోతలకు పోయినోళ్లు తిరిగొచ్చేదాకా పల్లెల్లో ముసలోళ్లే ఉంటారు. వానలు పడ్డాక తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి వచ్చే జనంతో కొన్ని వారాలు బేరం బాగుంటుంది (వజ్రం దొరికినోడికంటే దొరకనోడే ఎక్కువ తాగుతాడు, అది వేరే సంగతి). మీ విడత తేదీ మాత్రం ఇవేవీ చూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఫీజు ముందే ఖాయం, ధర ప్రభుత్వం ఖాయం చేస్తుంది, మార్జిన్ ప్రభుత్వం ఖాయం చేస్తుంది, సరుకు ఎక్కడ కొనాలో అదీ ఖాయం: రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ డిపోలోనే. మీ చేతిలో మిగిలింది ఒక్కటే, ఎన్ని సీసాలు అమ్ముతారన్నది. మండల కేంద్రంలో కౌంటరు దగ్గరికి వచ్చి కొనేవాళ్లతో ఆ సంఖ్య రాకపోతే ఏం చేస్తారు? పెట్టెలు పల్లెలకు పోతాయి. కిరాణా కొట్లో బియ్యం బస్తాల వెనక, టీ బంకు పెట్టెలో. అదే బెల్టు షాపు. ఎవరో దుర్మార్గులు పుట్టించింది అనుకుంటారు గానీ, నా సర్వీసంతా చూసింది చెప్తున్నా, బెల్టు షాపు ఈ ఫీజు లెక్కలోంచే పుడుతుంది. వేలంలో పుట్టింది, లాటరీలో బతికింది. సర్కారు షాపులున్నప్పుడు దాని స్థానం పక్క రాష్ట్రం సరుకు తీసుకుంది. లైసెన్సు ఇచ్చే పద్ధతి మూడుసార్లు మార్చారు. ముందే ఇంత కట్టు, తర్వాత అమ్మి రాబట్టుకో అనే ఏర్పాటును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నా దృష్టిలో నిజమైన సంస్కరణ అంటే ముందస్తు ఫీజు బాగా తగ్గించి, ఎత్తిన సరుకు మీద ఎప్పటికప్పుడు పన్ను తీసుకోవడం. అప్పుడు తక్కువ అమ్మినవాడు తక్కువ కడతాడు, పల్లెల్లోకి పెట్టెలు తోయాల్సిన ఒత్తిడి ఉండదు. ఖజానాకు మాత్రం ఏడాది మొదట్లోనే చేతికందే డబ్బు పోతుంది, అందుకే ఏ ఆర్థిక శాఖా ఒప్పుకోదు.

ఈ బెల్టు విషయంలో ఇప్పుడు నియమం గట్టిగానే ఉంది. ఎమ్మార్పీ మించి అమ్మినా, బెల్టు షాపుకు సరుకు ఇచ్చినా మొదటిసారి ₹5 లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు. కాగితం మీద ఉన్నంత గట్టిగా నేల మీద అమలవుతుందా అంటే నవ్వుతా. కానీ ఎవరి మీద అమలవుతుందో ఆలోచించండి. వెనక బలం ఉన్న షాపు మీద కేసు పడదు, అయిదుగురు స్నేహితుల షాపు మీద పడుతుంది. పై నుంచి కేసుల టార్గెట్ వచ్చినప్పుడు ఇన్‌స్పెక్టరు వెతికేది అడిగేవాడు లేని షాపునే. పైగా ఇప్పుడు సీసా ఏ డిపో నుంచి ఏ షాపుకు పోయిందో స్కాన్ చేస్తే తెలిసిపోతుంది. 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక ఎక్సైజ్ సురక్ష యాప్ తెచ్చి కొనేవాడే సీసా మీది కోడ్ చూసుకొనే ఏర్పాటు చేశారు. పల్లెలో దొరికిన సీసా మీ షాపుదని తేలడం ఇదివరకటంత కష్టం కాదు.

లీజు సంగతి. లాటరీ తగిలిన మరుసటి పూట నుంచే గుడ్‌విల్ బేరాలు మొదలవుతాయి. ఇంత తీసుకో, షాపు మాకు వదిలెయ్ అని. లైసెన్సు ఆ మనిషి పేరు మీద ఇచ్చింది. శాఖ అనుమతి లేకుండా బదిలీ చేసినా, లోపల్లోపల లీజుకు ఇచ్చినా రద్దు చేసే అధికారం ఎక్సైజ్ చట్టంలో ఉంది. మీరు డబ్బు పెడతారు, సరుకు ఎత్తుతారు, లైసెన్సు మాత్రం ఇంకొకడిది. రేపు వాడికి బుద్ధి మారి షాపు నాదే పొమ్మంటే మీరు ఏ కోర్టుకు పోతారు? స్టాంపు కాగితం మీద రాయించుకున్నా, చట్టం ఒప్పుకోని ఒప్పందాన్ని కోర్టు నిలబెట్టదు. గీత కులాలకు కేటాయించిన 10 శాతం షాపుల్లో ఈ బేరం ఇంకా ఎక్కువ. సగం ఫీజే కాబట్టి ఈడిగ కుటుంబాల పేరుతో బయటివాళ్లు నడుపుదామని చూస్తారు. పేరు ఇచ్చిన బీదవాడికి మిగిలేది చిల్లర, కేసు పడితే ముద్దాయి వాడే. అలాంటిదాంట్లో వేలు పెట్టకండి.

మీ అయిదుగురిలోనూ అంతే. లైసెన్సు ఒక్కరి పేరు మీద వస్తుంది. మిగతా నలుగురూ నోటి మాట మీద ఉండొద్దు. ఎవరి వాటా ఎంత, విడత కట్టలేకపోతే ఎవరు తేవాలి, నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలి, అన్నీ దరఖాస్తుకు ముందే ఆడిటరుతో కూర్చొని రాయించుకోండి. కౌంటరులో కూర్చునే ప్రతి మనిషికీ నౌకర్‌నామా (ఫలానా మనిషి షాపులో అమ్మొచ్చని శాఖ ఇచ్చే కాగితం) తీసుకోండి. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తనిఖీకి వెళ్తే ముందు అడిగేది అదే. కౌంటరులో ఉన్నవాడి పేరు దాంట్లో లేకపోతే అప్పటికప్పుడు కేసు రాయొచ్చు. బామ్మర్ది వచ్చి అన్నం టైములో కాసేపు కూర్చున్నాడు సార్ అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నా.

స్థలం విషయానికి వస్తే, షాపు మండలానికో మున్సిపాలిటీకో నోటిఫై చేస్తారు, ఆ హద్దులో ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం. బడి, గుడి, మసీదు, చర్చి, ఆస్పత్రి నుంచి 100 మీటర్లు దూరం ఉండాలి. కొలిచే పద్ధతి తెలుసుకోండి. గోడకు గోడ కాదు. షాపు గుమ్మం మధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచిపోయే దగ్గరి దారిలో, అవతలి గేటు మధ్య దాకా. దీంతో రెండు రకాల వింతలు జరుగుతాయి. గోడ పక్కనే బడి ఉన్నా గేటు అవతలి వీధిలో ఉంటే షాపుకు అనుమతి వస్తుంది. షాపు ఖాయమయ్యాక బడివాళ్లు ఇవతల చిన్న గేటు తెరిస్తే గొడవ మొదలవుతుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు టేపు పట్టుకొని మీరే నడవండి.

హైవే పక్కన అయితే సుప్రీంకోర్టు 2016 డిసెంబరు తీర్పు ఉంది: జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్లు. 20 వేల జనాభా లోపు ఊళ్లకు 2017 మార్చిలో దాన్ని 220 మీటర్లు చేశారు, మున్సిపల్ హద్దుల్లోపల ఇది వర్తించదని ఆ ఏడాదే తర్వాత వివరణ వచ్చింది. డోన్ మున్సిపాలిటీలో చెల్లేది ప్యాపిలి వైపు 44వ నంబరు రోడ్డు పక్కన చెల్లదు. గది బాగుంది, లారీలు ఆగుతాయి అని ఆశపడి అడ్వాన్సు పోగొట్టుకోవద్దు.

పర్మిట్ రూము మీద రెండు మాటలు. 2024లో షాపుల దగ్గర కూర్చొని తాగడానికి అనుమతి లేదు. 2025 ఆగస్టులో ఫీజు కట్టించుకొని ఇచ్చారు: చిన్న శ్లాబులకు ఏడాదికి ₹5 లక్షలు, పెద్ద శ్లాబులకు ₹7.5 లక్షలు. పల్లె షాపుకు అమ్మకం పెంచేది ఇదే గానీ, గొడవలూ దీంతోనే. సాయంత్రం ఆరు తర్వాత అక్కడ నిలబడి అదుపు చేసే మనిషి మీలో ఎవరో ముందే తేల్చుకోండి. బార్లు వేరే పాలసీ, 2025 సెప్టెంబరు 1 నుంచి మూడేళ్లకు. ఒక్కో బారుకు కనీసం నాలుగు దరఖాస్తులు ఉండాలని పెడితే చాలా చోట్ల అవి కూడా రాక గడువు పొడిగించాల్సి వచ్చింది. ఫీజు పెంచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుందో వ్యాపారులు అక్కడ చూపించారు.

రాయదుర్గం వైపు మిత్రులు కర్ణాటకవాళ్ల లైసెన్సు చూపించి, వాళ్లకు తాత నుంచి మనవడికి వస్తుంది కదా అంటుంటారు. నిజమే. అక్కడ సీఎల్-2 (వైన్‌షాపు), సీఎల్-9 (బారు) లైసెన్సులు ఏటా రెన్యువల్ అవుతాయి, 1992 తర్వాత చాలా ఏళ్లు కొత్తవి ఇవ్వకపోవడంతో ఉన్నవే కోట్ల ఆస్తి అయ్యాయి. తమిళనాడులో 2003 నుంచి ప్రభుత్వమే అమ్ముతోంది. మన దగ్గర లైసెన్సు అంటే గడువున్న కాగితం. గడువు దాటాక మీకు ఏ హక్కూ లేదు. మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని, అది రాష్ట్రం ఇచ్చే వెసులుబాటు మాత్రమేనని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసి ఏళ్లు గడిచాయి. కాబట్టి షాపు అలంకారం మీద, ఫ్రిజ్‌ల మీద రెండేళ్లలో తిరిగి రానంత డబ్బు పెట్టకండి.

చివరగా చేయాల్సిన పని ఒకటి చెప్తా, ఇంత చదివాక కూడా మనసు అటే లాగుతుంటే. మీకు కావాల్సిన మండలంలో ఇప్పుడున్న షాపులు నెలనెలా డిపో నుంచి ఎంత సరుకు ఎత్తాయో సమాచార హక్కు చట్టం కింద జిల్లా ఎక్సైజ్ కార్యాలయాన్ని అడగండి. షాపువారీగా, నెలవారీగా, మద్యం వేరు బీరు వేరుగా, 2024 అక్టోబరు నుంచి ఇప్పటిదాకా. దరఖాస్తుకు ₹10, జవాబుకు 30 రోజుల గడువు. నోటిఫికేషన్ వచ్చాక దరఖాస్తులకు ఇచ్చే గడువు చాలా తక్కువ, కాబట్టి ఇప్పుడే పెట్టండి. వచ్చిన అంకెను పైన చెప్పిన ₹5.21 కోట్ల పక్కన పెట్టి చూడండి. అంతకు తక్కువ ఎత్తుతూ కూడా ఏ షాపైనా కళకళలాడుతోందంటే అది దేని మీద నడుస్తోందో ఆ ఊరి చుట్టూ పల్లెలు ఒక సాయంత్రం తిరిగొస్తే మీకే తెలుస్తుంది. ఆ పని మీ అయిదుగురూ చేయగలరా అన్నది మీరే తేల్చుకోవాలి. ఆర్టీఐ జవాబు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, మీ ఊరి శ్లాబుకు సరిపోయేట్టు మళ్లీ లెక్క వేసిస్తా.